షేక్‌పేట సరాయి మొదలు లింగంపల్లి స్టేషను వరకు

శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని కమిటీవారు కోరినప్పుడు, మా సంఘపు పాత రిజిస్టర్లను, మినిట్స్ పుస్తకములను ముందు వేసికొని కూర్చున్నాము. గురువుల పేర్లు, వారు వచ్చిన తేదీలు, శంకుస్థాపనలు, కోతకాల పండుగ కానుకల లెక్కలు అన్నియు వాటిలో ఉన్నవి. వాటిని గురించి వ్రాయుటకు మాకన్న తగినవారు ఉన్నారు. పుటలు త్రిప్పుచుండగా ఒక తీర్మానము మా కంటబడినది. దేవాలయపు వసారాలో రాత్రివేళ ఒక వ్యక్తి పండుకొనుచున్నాడనియు, భద్రత నిమిత్తము అక్కడ ఇనుప గ్రిల్లు పెట్టించి తాళము వేయవలెననియు అందులో ఉన్నది. రెండే పంక్తులు. ప్రతిపాదించినవారు, బలపరచినవారు, ఏకగ్రీవము. క్రింద సంతకములు చేసినవారిలో మేమును ఉన్నాము.

ఆ వ్యక్తి పేరేమిటని ఈ వ్యాసము కొరకు ఎందరినో అడిగి చూచినాము. ఆదివారము తెల్లవారుజామున, గంట కొట్టక ముందే, వేపచెట్టు క్రింది ఆకులను ఆయన ఊడ్చెడివాడని ఒకరు చెప్పినారు. పాత వాచ్‌మన్ ఆయనను “తాతా” అని పిలిచెడివాడట. అంతకు మించి ఎవరికిని తెలియదు. చరిత్ర వ్రాయబూనిన మాకు మొదటి పుటలోనే ఒక పేరు దొరకలేదు. అందుచేత మాదాపూరు, గచ్చిబౌలి, లింగంపల్లి ప్రాంతములలో, అనగా ఇప్పుడు అందరును హైటెక్ సిటీ, సైబరాబాద్ అనుచున్న ఈ పడమటి వైపున, ఇల్లు లేనివారిని ఏ కాలమువారు ఏ కంటితో చూచినారో వ్రాయుదమని అనుకొన్నాము.

మనలో పెద్దవారికి ఈ ప్రాంతము రాళ్ల గుట్టలుగా జ్ఞాపకమున్నది. మాదాపూరు, కొత్తగూడ, ఖానామెట్, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ ఇవన్నియు చిన్న పల్లెలు. దుర్గము చెరువు నీరు ఒకప్పుడు గోలకొండ కోటకు పోయెడిదని చెప్పుకొనెడివారు. గుట్టలలో వడ్డెరవారు రాయి కొట్టి బ్రతికెడివారు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తరువాత గచ్చిబౌలికి వచ్చినది. 1992లో శిల్పారామము వచ్చినది. ఆపైన 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. ఆ దినము తరువాత ఇక్కడ కాలము నడువలేదు, పరుగెత్తినది.

ఆ పరుగు నిలువ నీడలేని వారిని కూడ తెచ్చినదన్న సంగతి మనము తలంచము. అద్దాల మేడలను కట్టినవారు ఎవరు? పాలమూరు జిల్లానుండి మేస్త్రీల వెంబడి వచ్చిన కూలీలు, శ్రీకాకుళమునుండి వచ్చినవారు, తరువాత ఒడిశా, జార్ఖండ్, బీహారు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములనుండి వచ్చినవారు. పునాది తీసిననాటినుండి రంగులు వేయువరకు వారు అక్కడనే రేకుల షెడ్లలో ఉందురు. భవనము పూర్తియైన దినమున షెడ్డు తీసివేయుదురు. పదునెనిమిది అంతస్తులు కట్టిన చేతులవాడు మరునాడు అదే భవనములోనికి పోవలెనన్న మెడలో కార్డు ఉండవలెను. వేరొక సైటు దొరికినవాడు అక్కడికి పోవును. దొరకనివాడు, జబ్బు పడినవాడు, భార్య చనిపోయినవాడు, త్రాగుడుకు లోబడినవాడు లేబరు అడ్డాకు చేరును. అడ్డా దగ్గరనే రాత్రి గడుపును. అద్దె గదికి ముందుగా అడ్వాన్సు కట్టవలెను. అడ్వాన్సు ఉన్నవాడు అడ్డాలో ఎందుకు పండుకొనును? ఫుట్‌పాత్ మీద ఉన్నవారందరు పని చేయనివారని మనలో చాలమంది అనుకొందురు. మేమును అట్లే అనుకొన్నాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చూచినవాడు అట్లనడు. కాగితములు ఏరువారు, ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు కడుగువారు, లారీలనుండి సిమెంటు బస్తాలు దింపువారు, వీరే ఆ పండుకొన్నవారు.

ఇక పాత కాలమునకు పోవుదము. గచ్చిబౌలినుండి మెహిదీపట్నము వైపు వచ్చు పాత ముంబయి రోడ్డు ప్రక్క షేక్‌పేటలో ఒక రాతి కట్టడము కలదు. కుతుబ్‌షాహీల కాలపు సరాయి అది. రెండు అంతస్తులు, సుమారు 30 గదులు, గుర్రములకు ఒంటెలకు శాలలు, ఒక మసీదు. గోలకొండకు పోవు బిడారులు కోటకు చేరక ముందు ఇక్కడ దిగెడివి. దినమంతయు బస్సులలోను కారులలోను ఆ దారిని పోవుచున్న మనవారికి అది కనిపించుటయే అరుదు. మా మనుమలకు చూపించుటకు ఒక శనివారము వెళ్లినాము. గది చిన్నది, గోడ మందము, ముందు కమాను. ఒక మనిషి తన మూటను తలక్రింద పెట్టుకొని నిశ్చింతగా నిద్రపోవుటకు ఎంత కావలెనో అంత.

సరాయిలో దిగినవాడు వ్యాపారి, నిరుపేద కాడు గదా అని ఒకరు ఆక్షేపించవచ్చును. నిజమే. ఆ వజ్రాల వర్తకులను అడ్డామీది కూలీతో సమానము చేయుట మా ఉద్దేశము కాదు. అయినను ఒకటి గమనింపవలెను. ఊరికి కొత్తవాడు రాత్రి ఎక్కడ పండుకొనును అన్న ప్రశ్న ఆ కాలపు ప్రభుత్వమునకు తోచినది. రోడ్డు వేసినవాడే సరాయి కట్టుట తన పని అనుకొన్నాడు. మన కాలమున ఇదే దారిమీద వంతెనలు వేసినాము, 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, అదే ఏడు రాయదుర్గమునకు వచ్చినది, 2020లో దుర్గము చెరువుమీద తీగల వంతెన వచ్చినది. ఆ ప్రశ్న మాత్రము ఎవరి ఫైలులోను కనబడదు.

మన నగరమంతయు ఒక్క రాత్రిలో ఇల్లు లేనిదైన దినము కూడ ఒకటి ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాది ఇండ్లను కొట్టుకొనిపోయినది. చనిపోయినవారు సుమారు 15,000 అని చెప్పుదురు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బ్రతికినారన్న సంగతి చదువరులకు తెలిసినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ల తలుపులు తీయించి, ఇండ్లు పోయినవారికి అక్కడ చోటిచ్చి వంటలు పెట్టించినారు. మహళ్లలో ఎవరు ఏ కులమో, ఏ మతమో, ఎవరి ఇల్లు పెంకుటిల్లో ఎవరిది గుడిసెయో అడుగుటకు ఆ దినమున సమయము లేకుండెను. మరుసటి సంవత్సరము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద మరల రాకుండ ఉపాయము అడిగినారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను తీసి ఇండ్లు కట్టించు పని చేపట్టినది. 1920లో గండిపేట చెరువు, అనగా ఉస్మాన్ సాగర్, పూర్తియైనది. నేడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అనబడు ఆఫీసులు ఆ గండిపేటకు సమీపముననే ఉన్నవి. ఆ చెరువు ఇల్లు పోయినవారి దుఃఖములోనుండి పుట్టినదని అక్కడ కాఫీ త్రాగుచున్న మన పిల్లలకు ఎవరైనను చెప్పినారో లేదో!

వరదలో ఇల్లు పోయినవాడు అందరికిని బంధువే. నిన్నటివరకు మనవలె ఉన్నవాడు కనుక మనసు కరుగును. ఏండ్ల తరబడి ఇల్లు లేనివాడిని చూచినప్పుడు ఆ కరుగుట ఉండదు. ఈ భేదమును మన తెలంగాణా సంఘములకు నేర్పినది కరవు కాలము. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టిన కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు గల ఆ ఆలయమును చూచి మనమందరము గర్వపడుదుము. దాని నూరేండ్ల పండుగను కూడ 2024లో చూచినాము. కరవుతో ఊళ్లు విడిచి వచ్చినవారికి ఊరక గంజి పోయుటకు బదులుగా దొరగారు పని చూపించి, ఆ పనికి తిండి పెట్టినారు. రాయి మోసినవాడు సాయంత్రము అన్నము తినునప్పుడు తన కష్టము తిన్నాడు. ఈ పద్ధతిని పొగడుచునే ఒక మాట చెప్పవలెను. ముసలివారు, గర్భిణులు, రాయి మోయలేనివారు ఏ కాలమునందైనను ఉందురు. పని చేసినవానికే గౌరవము అనుట పూర్తి మాట కాదు.

ఆ మిగిలిన మాటను నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి చెప్పినది. కుష్ఠురోగులు ఆ కాలమున ఇంటినుండి, ఊరినుండి వెళ్లగొట్టబడి చెట్లక్రింద బ్రతికెడివారు. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ గారును వారికి డిచ్‌పల్లిలో ఆసుపత్రి కట్టినారు. దానికి ధనమిచ్చినవారిలో ముఖ్యులు రాజా నర్సాగౌడ్ గారు, హిందూ దాత. మందు నూనె సూదులు ఇచ్చుటతో ఆగక, రోగులకు ఉండుటకు ఇండ్లు, చేయుటకు పని కూడ అక్కడ కల్పించినారు. ఆమె 1932లో చనిపోయినారు.

ఇప్పుడు మరల మన గచ్చిబౌలికి వచ్చెదము. వ్రాయుటకు కష్టమైన భాగము ఇది.

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీ చూచుటకు వచ్చినారు. అప్పుడు దారులలోని బిచ్చగాండ్లను నగరము వెలుపలికి తరలించినారు. పదునేడేండ్ల తరువాత, 2017 నవంబరు 28 నుండి 30 వరకు, మాదాపూరు ప్రక్కన అంతర్జాతీయ సమావేశ మందిరములో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినది. ఇవాంకా ట్రంప్ గారు వచ్చినారు. దానికి ముందుగా హైదరాబాదు నగర పోలీసు కమిషనరుగారు 144వ సెక్షను క్రింద నవంబరు 8 నుండి 2018 జనవరి 7 వరకు నగరములో బిచ్చమెత్తుటను నిషేధించినారు. పట్టుకొన్నవారిని జైళ్ల ఆవరణలలో పెట్టిన ఆనందాశ్రమములకు తరలించినారు. బిచ్చగాడిని చూపించినవారికి 500 రూపాయల బహుమానమని జైళ్ల శాఖవారు ప్రకటించినారు. ఆశ్రమములో తిండి, స్నానము, వైద్యము ఉండెను, అది నిజమే. కొందరు అక్కడనుండి కుటుంబములకు చేరినారన్నదియు నిజమే. కాని వారిని అక్కడికి చేర్చినది వారి అవసరము కాదు, అతిథి రాక. పెండ్లివారు వచ్చుచున్నారని ముసలి నాయనమ్మను వెనుకటి గదిలో పెట్టి తలుపు వేసినట్లున్నది. అతిథుల కొరకు కట్టిన షేక్‌పేట సరాయి ఆ సదస్సు మందిరమునకు కొద్ది మైళ్ల దూరముననే ఉన్నది.

ప్రభుత్వమును విమర్శించుటకు మేమీ సంగతులు వ్రాయుట లేదు. నిషేధము వచ్చిన ఆ నెలలోనే మా సంఘములో చాలమంది, సిగ్నల్ దగ్గర కారు అద్దము తట్టువారు లేరని సంతోషపడినారు. అందులో మేమును ఒకరము. వారెక్కడికి పోయినారని మేమెవరమును అడుగలేదు.

న్యాయస్థానములు ఈ విషయమున మనకన్న ముందు నడచినవి. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీమ్‌కోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు కూడ ఇమిడియున్నదని చెప్పినది. ఆ తీర్పు చెప్పినవారు ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు. 2018లో ఢిల్లీ హైకోర్టు, బిచ్చమెత్తుటను నేరముగా చూచు చట్టపు నిబంధనలను కొట్టివేసినది. ఆ చట్టము బొంబాయినుండి ఢిల్లీకి అరువు వచ్చినది. బ్రతుకుతెరువు కనబడక బహిరంగ స్థలములో తిరుగుచున్నవాడిని కూడ అది బిచ్చగాడుగా పట్టుకొనుటకు వీలిచ్చినది. అనగా చినిగిన చొక్కాయే సాక్ష్యము! 2021లో, కరోనా కాలమున, వీధులలో బిచ్చగాండ్లను నిషేధించుమని ఒకరు సుప్రీమ్‌కోర్టుకు వెళ్లగా, ఎవరును ఇష్టపడి చేయి చాపరనియు, అది పేదరికపు ఫలమనియు న్యాయమూర్తులు చెప్పి ఆ కోరికను అంగీకరించలేదు. ఆ బెంచీలో ఉన్న డి.వై. చంద్రచూడ్ గారు, 1985 తీర్పు చెప్పినవారి కుమారుడే.

నీడ విషయములో 2010లో ఆహార హక్కు కేసు విచారించుచు సుప్రీమ్‌కోర్టు రాష్ట్రములను ఆదేశించినది. ఐదు లక్షలకు మించిన నగరములలో, లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయ గృహములు ఉండవలెనన్నది. 2013లో కేంద్ర ప్రభుత్వపు పట్టణ జీవనోపాధుల పథకములో ఇది చేరినది. ఆ గృహములు రాత్రికి మాత్రమే గాక 24 గంటలును తెరచియుండవలెనని ఆ పథకపు నియమము. రాత్రి కాపలా ఉద్యోగము చేసి పగలు నిద్రపోవువాడు, జ్వరముతో ఉన్నవాడు ఉదయము ఆరింటికి ఎక్కడికి పోవును? 2011 జనాభా లెక్కల ప్రకారము మన నగరములో సుమారు 67 లక్షల మంది. ఆ లెక్కన 60కి పైగా గృహములు కావలెను. కట్టినవి ఆ సంఖ్యకు చాల దూరముననే నిలిచిపోయినవి.

లెక్కల సంగతి వచ్చినది గనుక చెప్పుచున్నాము. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతట గణకులు వీధులలోనికి పోయి ఇల్లు లేనివారిని లెక్కించినారు. మొత్తము 17.7 లక్షలు వచ్చినది. 2001లో అది 19.4 లక్షలుండెను. తగ్గినదని సంతోషింపబోయిన, పట్టణములలో మాత్రము 7.8 లక్షలనుండి 9.4 లక్షలకు పెరిగినది. పల్లె విడిచినవారు పట్టణమునకు చేరినారు, ఇంటికి చేరలేదు. ఒక్క రాత్రి లెక్కలో దొరకనివారు ఎందరో! ముఖ్యముగా స్త్రీలు. ఇల్లు లేని స్త్రీ రాత్రివేళ కన్ను మూయదు. వెలుతురున్న చోట, ఆసుపత్రి గేటు ముందో స్టేషనులోనో కూర్చుండి తెల్లవార్చి, పగలు బస్సు స్టాపులో కునుకు తీయును. పగటిపూట నిద్రపోవుచున్న ఆమెను చూచి మనము సోమరి అందుము.

ఎన్నికల సంఘమువారి నియమము ఒకటి మాకు బహు నచ్చినది. ఇల్లు లేనివాడు ఓటరుగా చేరదలచిన, చిరునామా కాగితము అక్కరలేదు. ఆ ప్రాంతపు బూత్ అధికారి రాత్రివేళ, ఒకసారి గాక మరల మరల వెళ్లి, అతడు చెప్పిన చోటనే పండుకొనుచున్నాడని కంటితో చూచిన చాలును. అంతట ఆ వంతెన క్రింది చోటే అతని చిరునామా. రేషను, బ్యాంకు, బడి ప్రతిచోట చిరునామా అడిగి త్రిప్పి పంపు ఈ దేశములో, మనిషి నిద్రపోవు చోటుకు ఇంత మర్యాద చేసిన నియమము మరొకటి మేము వినలేదు.

అన్నము సంగతియు చెప్పవలెను. 2014లో అప్పటి గ్రేటర్ హైదరాబాదు నగర పాలక సంస్థవారు, హరేకృష్ణ సంస్థవారితో కలిసి, 5 రూపాయలకు భోజనము పెట్టుట మొదలుపెట్టినారు. నాంపల్లి రైలు స్టేషను ఎదుట నిజాము కాలమున కట్టిన సరాయి దగ్గర అది ఆరంభమైనది. ఆ స్థలమును ఎన్నుకొనుట యాదృచ్ఛికమో కాదో గాని, మాకు మాత్రము సంతోషము కలిగినది. తరువాత అన్నపూర్ణ అన్న పేరుతో మన కొండాపూరు, మాదాపూరు వైపులకును ఆ బండ్లు వచ్చినవి. 2025లో ఇందిరా క్యాంటీన్లని పేరు మార్చి ఉదయపు ఫలహారము కూడ చేర్చినారు. ఉచితముగా పెట్టవచ్చును గదా, ఆ 5 రూపాయలు ఎందుకని మేము మొదట అనుకొన్నాము. ఒక మధ్యాహ్నము ఆ వరుసలో నిలుచుండి తిన్నాము. ముందు ఒక కూలీ, వెనుక మెడలో కార్డు వేసికొన్న ఒక సెక్యూరిటీ గార్డు. కూర చాలదని ఆ కూలీ గట్టిగా అడిగినాడు. ఉచితపు అన్నమైన అడిగియుండునా? తన డబ్బు పెట్టి కొన్నాడు గనుక అడిగినాడు.

మా సంఘము వారు ఇచ్చినవి ఉచితములే. ఒక క్రిస్మసు వారములో మా యౌవనస్థులు, స్త్రీల మైత్రివారు కలిసి దుప్పట్లు కొని, రాత్రి పదకొండు గంటలకు లింగంపల్లి స్టేషను దగ్గరకు, గచ్చిబౌలి ఫ్లైఓవరు క్రిందికి వెళ్లినాము. నిద్రపోవుచున్నవారిని తట్టి లేపి, ఒక్కొక్కరి చేతిలో దుప్పటి పెట్టి, ఇచ్చుచున్నట్లు ఫోటోలు తీసినాము. ఒక ముసలమ్మ కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని, “ఫోటో వద్దు బిడ్డా. మా ఊరోళ్లు ఫోన్ల జూస్తరు. నేను మా బిడ్డ ఇంట్ల ఉన్ననని చెప్పుకున్న” అన్నది. మా చేతులు చల్లబడిపోయినవి. దుప్పటి తీసికొమ్మనగా, “దుప్పటి ఉన్నది. చెప్పులుంటె ఇయ్యుండ్రి” అన్నది. మా దగ్గర చెప్పులు లేవు. ఆమెకు ఏమి కావలెనో అడుగవలెనన్న తలంపు అంతమందిమి ఉండియు ఒక్కరికిని రాలేదు. తరువాత ఆమెను “అవ్వా, మీరు” అని పలుకరించుచు ప్రక్కన కూర్చుండినవారు మాలో ఇద్దరే. మిగిలినవారము నిలుచుండియే మాట్లాడినాము. ఆ ఫోటోలు మరుసటి నెల సంఘ పత్రికలో అచ్చుపడినవి, ఆమెది తప్ప.

అటుపిమ్మట 2020 వచ్చినది. మార్చి 25 నుండి దేశమంతయు మూతపడినది. ఆరాధనలు ఆగినవి. ఆఫీసులవారు ఇండ్లలోనుండి పని చేసికొన్నారు. సైట్లు ఆగినందున షెడ్లలో కూలీలు చిక్కుకొన్నారు. ఇల్లున్నవారందరు ఇంటిలో ఉండుడని చెప్పిన ఆజ్ఞ ఇల్లు లేనివానికి ఎట్లు వర్తించును? రాష్ట్ర ప్రభుత్వము రేషను కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇచ్చుటకు పూనుకొన్నది. అయినను ఊరి మీది మనసును బియ్యము ఆపలేదు. ఏప్రిల్ చివర సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనములు కట్టుచున్న కూలీలు తమను ఊళ్లకు పంపుమని గొడవ చేసినారు. మే 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషములకు వారిలో సుమారు 1,200 మందితో 24 పెట్టెల రైలు ఒకటి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. దేశములో మొట్టమొదటి శ్రామిక ప్రత్యేక రైలు అది. అది కదిలినది మన లింగంపల్లి స్టేషనునుండి. మేము దుప్పట్లు పంచిన ఆ స్టేషనే. మే దినమున, ఆ చీకటిలో, వారిని సాగనంపుటకు మనలో ఒక్కరైనను లేకపోయినాము. తెలియలేదు. తెలిసినను పోనిచ్చెడివారు కారు.

ఆ నెలలోనే నడచిపోవువారికి మా సంఘస్థులు కొందరు అనుమతి తీసికొని ముంబయి రోడ్డుమీద పులిహోర పొట్లములు, మజ్జిగ ఇచ్చినారు. ఈసారి లింగంపల్లి అవ్వ మాట మరువలేదు. ఏమి కావలెనని ముందుగా అడిగినారు. చాలమంది అన్నముకన్న ముందు ఫోను చార్జి పెట్టుకొనుటకు ప్లగ్గు అడిగినారు. ఇంటివారికి తాము బ్రతికియున్నామని చెప్పవలెను గదా. దగ్గరి దుకాణమువాడొకడు షట్టరు సగము ఎత్తి తీగ బయటికి లాగి ఇచ్చినాడు. ఆయన మన సంఘస్థుడు కాడు. పుణ్యమంతయు ఆయనదే. కొందరు చెప్పులు అడిగినారు. ఈమారు కారు వెనుక చెప్పుల జతలు ఉండెను, కొలతలు మాత్రము సరిపోలేదు.

మా వసారా గ్రిల్లు ఇంకను ఉన్నది. ప్రతి క్రిస్మసుకు సండే స్కూలు పిల్లలు ఆ గ్రిల్లు ముందే బెత్లెహేము సత్రపు నాటకము వేయుదురు. సత్రపు యజమాని వేషము వేసిన పిల్లవాడు చోటు లేదని చేయి ఊపి తలుపు వేసినప్పుడు మనమందరము నవ్వుచు చప్పట్లు కొట్టుదుము. రాత్రివేళ గ్రిల్లు తాళము తీసియుంచుట, వెలుపలి కుళాయిని, మరుగుదొడ్డిని వాడుకొననిచ్చుట గురించి ఒక ప్రతిపాదన పాస్టరేటు కమిటీ ముందు ఉన్నది. అభ్యంతరములు లేకపోలేదు. హార్మోనియము, స్పీకర్లు పోవునని కొందరు, చుట్టుప్రక్కల అపార్టుమెంటులవారు ఫిర్యాదు చేయుదురని కొందరు చెప్పినారు. అవి తీసివేయదగిన మాటలు కావు, వాచ్‌మన్ జీతము ఎవరిచ్చెదరన్నదియు తేలవలెను. గత సమావేశములో విషయము వాయిదా పడినది. రాబోవు సమావేశములో చర్చకు ముందుగా ఆ పాత మినిట్స్ పుస్తకపు పుటను చదివి వినిపించవలెనని మేము కార్యదర్శిగారికి వ్రాసియిచ్చినాము. ఆ తాత పేరు తెలిసినవారెవరైనను ఈ సంచిక చదివినయెడల, దయచేసి సంఘపు ఆఫీసులో తెలుపవలెనని కోరుచున్నాము.